ఎడమ పైకి

కొర్లగుంట మూడో సందులో
షట్టరు సగమే లేచే కొట్టు నాది.
జాకెట్టుకు చంక గుండ్రం తీయడంలో
నన్ను మించినోళ్ళు లేరని
ఇరవై రెండేండ్లుగా నమ్ముకున్న చెయ్యి.

పోయిన ఆషాఢంలో
శ్రీసిటీ బస్సు దిగి నేరుగా వచ్చింది హేమవర్ధని,
జపానోళ్ళ కంపెనీలో దుబాసీ పని.
ఫోనులో బొమ్మ చూపించి
"ఇట్లాంటి కిమోనో కావాలక్కా" అనింది.
చూస్తే
చంక లేదు, గుండ్రం లేదు, హుక్కు లేదు, కాజా లేదు.
తలుపు రెక్కల్లా రెండు ముందు పక్కలు,
దిండు గలీబుల్లాంటి చేతులు.
"దీనికి టైలరెందుకే, కత్తెరుంటే చాలదా?" అన్నా.

ఆ రాత్రి పాత దుప్పటి మీద గీసినా.
అన్నీ నిలువు గీతలే, కాకుంటే అడ్డం గీతలే.
కత్తిరించినాక కింద చూస్తే
చీపురుకు ఒక్క పీలిక దొరకలా.
మగ్గం దిగిన గుడ్డను నొప్పించకుండా
ఒంటి మీదికి తెచ్చే విద్య.
చీర కట్టే దాన్ని,
ఇన్నాళ్ళూ నాకెట్లా తట్టలేదో!

ఒక్క తప్పు చేసినా.
నాడాలు కుట్టేటప్పుడు కుడి పక్క పైకొచ్చింది.
హేమ తొడుక్కుని, అద్దంలో చూసి, నవ్వాపుకుని
"అక్కా, వాళ్ళ దేశంలో కుడి పైకొస్తే
పోయినోళ్ళకు.
బతికినోళ్ళకు ఎడమ పైకి" అనింది.
పైట ఎడమ భుజాన వేసే ఊళ్ళో పుట్టి
ఇదొకటి ఇంకొకరు చెప్పాల్నా!
కుట్లు విప్పి మళ్ళా కుట్టేసరికి
పాలబండి వచ్చేసింది.

అప్పట్నుంచి అడిగినోళ్ళకు చెప్తా:
ఆఫీసుకా? నారాయణవనం నూలు తీసుకో.
చేతులు మోచేయి దాటనీకు,
లేకుంటే నీకంటే ముందు అవే టైపు కొడతాయి.
నిశ్చితార్థానికా? మీ అవ్వ పట్టుచీర తెచ్చుకో,
అంచును మెడ నుంచి పాదం దాకా దింపుతా.
కమ్మలు చిన్నవి చాలు. వడ్డాణం వద్దు,
జానెడు నడికట్టు ఉండనే ఉంది,
ఒక ఒరలో రెండు కత్తులెందుకు?
కాళహస్తి కలంకారీ అయితే మాత్రం
అందులోని చెట్టును మధ్యకు కొయ్యను.
వీపు మీద మొత్తంగా నిలబెడతా.
నువ్వు వెళ్ళిపోయేటప్పుడు చూడాల జనం.

గంగజాతరకు వేషమేస్తానని
నూనూగు మీసాల పిల్లోడొకడు వచ్చినాడు.
"ఇంకొకరి పండగబట్టరా ఇది, వేషానికి కాదు"
అని పంపేసినా.
షట్టరు దించేటప్పుడు గుర్తొచ్చింది,
మన జాతరలో వేషమంటే ఎగతాళి కాదు కదా, మొక్కు కదా.
వాడు మళ్ళా రాలేదు.

కార్తీకంలో పద్మాసని మేడం వచ్చింది,
కాలేజీలో లెక్కలు చెప్పేది, పాత గిరాకీ.
నెత్తిన కొంగు. కొంగు కింద గుండు.
కొండకిచ్చిందో, మందులకిచ్చిందో
నేనడగలా.
తిరుపతిలో గుండును ఎవరూ ఏమీ అడగరు,
ఈ ఊళ్ళో అదొక మేలు.
"కూతురి సీమంతం. తల మీంచి వేసేది వద్దు,
కుడి చెయ్యి ఎత్తలేను" అనింది.
పాత కొలతలు నా పుస్తకంలో ఉన్నాయి,
కొత్తవి రాయబుద్ధి కాలా.
"ఈ కుట్టుకు కొలతలు పెద్దగా అక్కర్లేదులే మేడం" అన్నా.
అది నిజం కూడా.

చింతచిగురు రంగు నూలుపట్టు,
లోపల ఒరుసుకోని మల్లుగుడ్డ.
కాలరు వెనక్కి జారవిడిచినా.
మెడ వెనకపక్కే అందమంట వాళ్ళకు,
హేమ చెప్పింది.
ట్యూబులైటు కింద ఆమె కొంగు తీసింది.
తెరిచిన వాకిట్లోకి నడిచినట్టు
చేతులు లోపలికి పెట్టింది. ఎత్తే పని లేదు.
కుడి రెక్క లోపలికి,
ఎడమ రెక్క పైకి,
నాడా బిగించకుండా ముడేసినా.

"ఎడమేనా?" అనింది అద్దంలో,
ఎక్కడ చదివిందో.
"ఎడమే మేడం" అని
ఇంకోసారి సరిచూసినా.

డబ్బులియ్యబోతే
చంక గుండ్రం తీయలేదు కదా,
సగం కూలి చాలన్నా.